చలి మార్కులు

మా ఇంట్లో చలికాలం వచ్చిందంటే పరీక్షలు మొదలైనట్టే. రాసేవి దుంపలు, మార్కులు వేసేది నాన్న. ఫెయిలైతే తలలు పట్టుకు కూర్చునేది మాత్రం మేమందరం.

అవి ఎర్రకాడ దుంపలు. పెట్టెల మీద రూబార్బ్ అని రాస్తారు కానీ ఇంట్లో నోటికి అంత శ్రమ ఎవరూ ఇవ్వరు. ఆకు విషం, కాడ పులుపు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి బతికే మొండి మొక్క. చలి మొదలవగానే ఆకులన్నీ పండి, వాలి, నేలమీద చచ్చినట్టు పడిపోతాయి. చూసినవాళ్ళు అయ్యో అనుకుంటారు. ఏమీ కాదు, దుంప పడుకుందంతే. మామూలు నిద్ర కాదు, మొద్దు నిద్ర. నీళ్ళు పోసినా లేవదు, ఎరువేసినా లేవదు, వెచ్చగా చూసుకుంటే అసలే లేవదు. వారాల తరబడి చలి తగిలితేనే లోపల మొగ్గకి బుద్ధి పుడుతుంది. అప్పుడు తవ్వి ఎత్తి, చీకటి షెడ్డులో పక్కపక్కనే పేర్చి, కాస్త వెచ్చదనం చూపిస్తామా, వసంతం వచ్చేసిందనుకుని గబగబా కాడలు వేస్తుంది. వెలుతురు ఎరగని కాడలు కాబట్టి లేత గులాబీ రంగులో, పీచు లేకుండా ఉంటాయి. బయట ఎవరి మొక్కా కళ్ళు తెరవకముందే మా కాడలు బజారులో ఉంటాయి. మోసమంటే మోసమే. మూడు తరాలుగా మా ఇంటి బతుకు ఆ మోసం మీదే.

అయితే చలి ఎంత తగలాలి? అక్కడే ఉంది చిక్కు. రోజూ ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి మడి చివర నాలుగు వేళ్ళ లోతున గుచ్చిన థర్మామీటరు చూడాలి. పది డిగ్రీలకి ఎన్ని తగ్గితే ఆ రోజుకి అన్ని మార్కులు. పది, అంతకంటే ఎక్కువ ఉంటే సున్నా. అలా కూడుతూ పోగా నూట ఎనభై వచ్చిన రోజు దుంపలు పాసైనట్టు. మామూలుగా నలభై రోజులు పడుతుంది. ముందే ఎత్తామా, షెడ్డులో గురకలు పెడతాయి తప్ప కాడ వేయవు. మరీ ఆలస్యం చేశామా, వెచ్చటి గాలి తిరిగి పొలంలోనే ఆకు విప్పేస్తాయి, ఇక చీకటికి పనికిరావు. రెండేళ్ళు పెంచిన దుంపని షెడ్డులోకి తెచ్చేది ఒక్కసారే. ఆ ఒక్కసారి తప్పితే రెండేళ్ళ చాకిరీ మట్టిపాలు.

ఈ ఏడు చలి మొదలయ్యే ముందు నాన్న షెడ్డు పైకప్పు రేకు బిగిస్తూ జారి కిందపడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. కట్టు వేసి, వీధి గదిలో మంచం మీద పడుకోబెట్టి, పక్కన హీటరు పెట్టారు. పడుకున్న మనిషి ఊరుకుంటాడా? మంచం మీదనుంచే తీర్పులు మొదలుపెట్టాడు.

"ఈ ఏడు ఎత్తే రోజు నువ్వే చెప్పు," అన్నాడు నాతో. "సరిగ్గా చెప్పావా, షెడ్డు నీది. వచ్చే ఏడు నుంచి అంతా నీ ఇష్టం. తప్పావనుకో, మీ బావకి ఇచ్చేస్తాను."

మా బావ, అంటే అక్క మొగుడు, బాత్రూము టైల్స్ అమ్ముతాడు. అయిదేళ్ళుగా మా షెడ్డుని చూసి లొట్టలేస్తున్నాడు. నేల గట్టిది, లోపల ఎండ పడదు, లారీ తలుపు దాకా వస్తుంది. ఎర్రకాడలకి ఏవి సుగుణాలో టైల్స్‌కీ అవే సుగుణాలని అప్పుడే నాకు తెలిసింది.

"మావయ్యా, మీరు కాదంటే నేనేమైనా బలవంతం చేస్తానా?" అన్నాడు బావ, జేబులో కొలతల టేపు తడుముకుంటూ.

"నీ టేపు లోపల పెట్టు బావా. ఇంకా మా దుంపలు పరీక్షకే కూర్చోలేదు," అన్నాను.

నాకు ముక్కు మీదే కోపం. కాదనను. కానీ ఆ షెడ్డు విషయంలో అది కోపం కాదు, భయం. నేను నడక నేర్చింది ఆ చీకట్లో గోడ పట్టుకునే. అక్కడ గచ్చుమీద తెల్ల టైల్సు గుట్టలుగా పడి ఉండటం ఊహించుకోలేకపోయాను.

ఒకటే ఇబ్బంది. నేను స్కూలు వ్యాను నడుపుతాను. తొమ్మిదింటికి నా వెనకాల ఇరవైమంది పిల్లలు పళ్ళు తోముకోకుండా వచ్చి అరుస్తూ ఉంటారు. నేను ఇల్లు చేరేసరికి పది. మరి తొమ్మిదింటికి థర్మామీటరు చూసేదెవరు?

"నేనున్నాగా," అంది అత్తయ్య.

అత్తయ్య నాన్నకి అక్క. డెబ్భై దాటాయి. ఈ ఇంట్లో పుట్టింది, ఈ ఇంట్లోనే ఉండిపోయింది, నాన్నని ఎత్తుకు పెంచింది. నాన్న ఒక్కనాడూ ఆమెని మార్కుల పుస్తకం ముట్టుకోనివ్వలేదు. ఈసారి గత్యంతరం లేక ఇచ్చాడు. ఆమె ఆ పుస్తకాన్ని రెండు చేతులా పుచ్చుకుని, ఆ సాయంత్రమే దానికి అట్ట వేసింది.

ఇక చూడండి. రోజూ తొమ్మిదింటికి వెళ్ళడం, రాయడం. సాయంత్రం నాన్న మంచం పక్కన నిలబడి వార్తలు చదివినట్టు చదవడం. "ఈ రోజు ఎనిమిది డిగ్రీలు. రెండు మార్కులు. మొత్తం పద్నాలుగు." వర్షమొచ్చినా మానలేదు. మోకాళ్ళు పట్టేసినా మానలేదు.

మార్కులు మాత్రం నత్తనడక నడిచాయి. నెలకి యాభై. నలభై రోజులకి అరవై ఎనిమిది. కొన్ని రోజులు సున్నా.

"ఈ ఏడు చలే లేదు," అన్నాడు నాన్న హీటరు పక్కన, రగ్గు కాళ్ళమీదనుంచి తోసేస్తూ.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే వ్యాను అద్దం మీద మంచు గీకీ గీకీ నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పెరట్లో బకెట్లో నీళ్ళు పలకలా గడ్డకట్టాయి. చలి లేదట! కానీ నేలలో వెచ్చదనం నిలబడుతుందనీ, గాలిని చూసి నేలని అంచనా వేయకూడదనీ చిన్నప్పటినుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినవాడు నాన్నే. నోరు మూసుకున్నాను.

అరవై రోజులు దాటాయి. మార్కులు తొంభై ఏడు. బజారులో పక్కవాళ్ళ కాడలు అప్పుడే కనబడుతున్నాయి. వచ్చే వారం నుంచి ఎండ కాస్తుందని రేడియో చెబుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా మడి చుట్టూ తిరిగాను. ఒకచోట మట్టి వేళ్ళతో తోసి చూశాను. దుంప నెత్తిన మొగ్గ బొటనవేలంత లావున, ఎర్రగా నిగనిగలాడుతోంది.

పరుగున వెళ్ళి నాన్నకి చెప్పాను.

"కళ్ళని నమ్మకు," అన్నాడు. "పడుకున్న మొగ్గ కూడా ఎర్రగానే ఉంటుంది. నా పెళ్ళయిన ఏడు మొగ్గ చూసి ఎత్తాను. నెలరోజులు షెడ్డులో చప్పుడు లేదు. మీ తాత నాతో మాట్లాడలేదు. పుస్తకం ఎంతంటోంది?"

"తొంభై ఏడు."

"అయితే పడుకోనీ."

అరుస్తున్నట్టే మాట్లాడతాడు ఈ మధ్య. నాకూ గొంతుందని నేనూ అరిచాను. లాభం లేకపోయింది.

ఆ రోజే ఒక దొంగపని చేశాను. మడి చివరినుంచి ఒక్క దుంపని తవ్వి, మట్టితో సహా బకెట్లో పెట్టి, దానిమీద ఇంకో బకెట్ బోర్లించి, నా గదిలో హీటరు పక్కన పెట్టాను. నిజంగా నిద్రలో ఉంటే వెచ్చదనానికి ఉలకదు, పలకదు. చలి సరిపోయి ఉంటే లేస్తుంది. రోజూ మూత సందులోంచి కాసిని నీళ్ళు చల్లేదాన్ని. గదంతా మట్టివాసన. అత్తయ్య వాసన పట్టి, "గదిలో ఏం పాతిపెట్టావే?" అని అడిగింది. "బావని," అన్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం వ్యాను దిగి వచ్చి మంచంమీద వాలాను. కునుకు పడుతోంది. బకెట్లోంచి 'టప్' మంది.

చిన్న చప్పుడు. పెదవులు విడదీసినంత. మొగ్గ మీది పొర చిట్లి, లోపలి కాడ బయటికి తోసుకొచ్చే చప్పుడది. షెడ్డులో దుంపలన్నీ లేచే వారం అది వందల్లో వినిపిస్తుంది. లేచి కూర్చుని ఊపిరి బిగబట్టాను. కాసేపటికి మళ్ళీ 'టప్'. మూత ఎత్తి చూద్దును కదా, చిటికెన వేలంత గులాబీ కాడ, నెత్తిన ముడతలు పడిన పసుప్పచ్చ ఆకుతో నన్నే చూస్తోంది.

దుంపలు పాసయ్యాయి! ఎప్పుడో పాసయ్యాయి. మరి పుస్తకంలో నూట రెండేమిటి?

మర్నాడు స్కూలుకి సెలవు. తొమ్మిదింటికి పెరటి కిటికీ దగ్గర నిలబడ్డాను. అత్తయ్య శాలువా కప్పుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, టంచనుగా మడి దగ్గరికి వెళ్ళింది. వంగింది. థర్మామీటరు మట్టిలోంచి పీకింది.

పీకింది! మట్టిలో ఉండగా చదవాలి దాన్ని. బయటికి తీసిన మరుక్షణం ఎర్ర గీత పైకి పాకడం మొదలుపెడుతుంది.

అత్తయ్యకి తొందరేమీ లేదు. థర్మామీటరుని శాలువాతో శుభ్రంగా తుడిచింది. పిడికిట్లో పట్టుకుని గేటు దాకా వెళ్ళి గడియ వేసింది. గోడమీద పిల్లితో రెండు మాటలాడింది. గుమ్మం దగ్గర చెప్పుల మట్టి దులిపింది. వంటింట్లోకి వచ్చింది. పొయ్యిమీద టీ మరుగుతోంది. అల్మరా తీసి, డబ్బాల వెనక చెయ్యి పెట్టి, కళ్ళజోడు వెతికి, పెట్టుకుని, కిటికీ వెలుతురులో థర్మామీటరు ఎత్తిపట్టి, "ఎనిమిది," అంది తృప్తిగా.

"అత్తయ్యా!" నా అరుపుకి పిల్లి గోడ దూకింది.

"ఏమే, ఏమైంది?"

"ఇన్నాళ్ళూ ఇలాగే చదివావా?"

"ఇలాగే. ఒక్కరోజు మానలేదు."

"మరి సున్నా వచ్చిన రోజులు?"

ఆలోచించింది. "ఆ రోజుల్లో కళ్ళజోడు ఓ పట్టాన దొరికేది కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం కలిసి మడి దగ్గరికి వెళ్ళాం. థర్మామీటరు గుచ్చి, పదినిమిషాలు చలికి గజగజలాడుతూ నిలబడి, నేలమీద బోర్లా పడుకుని నేనే చదివాను. నాలుగు. ఆరు మార్కులు! నెలరోజులుగా మా దుంపలు ఫస్టు క్లాసులో పాసై, ఫలితాల కోసం నేలలో ఎదురుచూస్తున్నాయి.

అత్తయ్యకి అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది. "అయితే నేను రోజూ రాసింది వంటింటి చలా?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పకే. పుట్టి బుద్ధెరిగాక వాడు నాకు అప్పగించిన మొదటి పని ఇది."

చెప్పకపోతే ఎలా? చెబితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది, నాన్న ఒప్పుకుంటాడు, షెడ్డు నాది. చెప్పకపోతే పుస్తకం కాదన్నా ఎత్తిన మొండిఘటాన్ని అవుతాను. పైగా బకెట్లో లేచింది ఒకే ఒక్క దుంప. మిగతా నాలుగువందలూ అలాగే లేస్తాయని రాసిచ్చేవాళ్ళెవరు? నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఆమె వేళ్ళు చల్లగా ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది.

తిన్నగా నాన్న గదిలోకి వెళ్ళాను.

"ఇవాళ ఎత్తిస్తున్నాను."

"పుస్తకం ఎంత?"

"నూట నాలుగు."

"వద్దు."

"రోజు నన్ను చెప్పమన్నావు. చెబుతున్నాను. ఇవాళే."

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "తప్పైతే మాట మాటే. టైల్సు దింపించేస్తాను."

"దింపించుకో."

నలుగురు కూలీలతో రెండు రోజులు పట్టింది. దుంపల్ని సందు లేకుండా పేర్చి, నీళ్ళు పెట్టి, కిటికీలకి గోనెపట్టాలు కట్టి, గొట్టాల్లోకి వేడి వదిలి, తలుపు మూశాను. మూడో రోజు బావ చూడ్డానికొచ్చాడు. గుమ్మం వెడల్పు కొలుస్తుండగా పట్టుకున్నాను.

"ఊరికే మరదలా, అలవాటు కొద్దీ," అన్నాడు.

"మీ ఇంట్లో గుమ్మాలు లేవా?"

ఆరో రోజు వెళ్ళి చీకట్లో నిలబడ్డాను. చప్పుడు లేదు. ఏడో రోజు లేదు. ఎనిమిదో రోజు ఉదయం, మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం వెళ్ళాను. గొట్టంలో నీళ్ళ గుటక తప్ప ఏమీ లేదు. నాకు అన్నం సయించలేదు. అత్తయ్యకి అసలే సయించలేదు. ఇద్దరం ఒకరి కంచం ఒకరు చూసుకుని లేచిపోయేవాళ్ళం. నా గదిలో హీటరు పక్కనున్నంత వెచ్చదనం షెడ్డులో లేదని, అందుకే ఆలస్యమని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మలేదు.

తొమ్మిదో రోజు పొద్దున నాన్న అన్నాడు, "నన్ను తీసుకెళ్ళండి."

చక్రాల కుర్చీని బావ తోశాడు. అత్తయ్య దీపం పట్టుకుంది. లోపలికి వెళ్ళాక నాన్న దీపం ఆర్పించి, తలుపు వేయించాడు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. నలుగురం ఊపిరి బిగబట్టాం.

చాలాసేపు ఏమీ లేదు.

టప్.

"ఎలకా?" అన్నాడు బావ గుసగుసగా.

మళ్ళీ, అటు మూల. టప్. మా పక్కనే ఒకటి. గోడవార ఒకదాని వెంట ఒకటి రెండు. అత్తయ్య నా భుజం పట్టి ఊపేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. నాన్న ఏదైనా అంటాడని చూశాను. ఉలుకూ పలుకూ లేదు. ఈ మొండిమనిషికి ఒప్పుకోవడం కూడా కష్టమేనా అని నాకు చర్రున కోపమొచ్చింది.

"ఒరేయ్," అంది అత్తయ్య ఇక ఆగలేక, "దానిదేం తప్పు లేదురా. థర్మామీటరు వంటింట్లోకి తెచ్చి చదివింది నేను. మార్కులన్నీ నా వల్లే తగ్గాయి. నన్ను తిట్టు."

"వంటింట్లోకా?" అన్నాడు నాన్న. చీకట్లో కుర్చీ కిరకిరలాడింది. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కట్టు నొప్పిపుట్టి "అబ్బా" అన్నాడు. తర్వాత నన్నడిగాడు. "మరి పుస్తకం తప్పని ఎత్తే ముందే నీకెలా తెలిసింది?"

"ఒక దుంపని గదిలో పెట్టుకున్నాను. విన్నాను."

"నేనూ అలాగే చేసేవాణ్ణి," అన్నాడు. "బకెట్ మంచం కింద పెట్టుకునేవాణ్ణి. పుస్తకం ఊరికే తోడుకి. మూడేళ్ళయింది, నాకు ఈ చప్పుడు అందట్లేదు. మీరు మాట్లాడితే తెలుస్తుంది గానీ ఇంత చిన్నది తెలియట్లేదు. అందుకే పుస్తకం పట్టుకుని వేళ్ళాడుతున్నాను." గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అడిగాడు, "ఇప్పుడు వస్తోందా?"

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. మూడేళ్ళుగా ఈ చీకట్లో ఒక్కడే నిలబడి, మొగ్గల్ని వేళ్ళతో తడిమి, బయటికి వచ్చి "మొదలైంది" అని మాకు చెప్పేవాడన్నమాట. కుర్చీ పక్కన చతికిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వస్తోంది నాన్నా. అదిగో, తలుపు దగ్గర ఒకటి."

"ఇప్పుడు?"

"గోడ పక్కన. ఇంకొకటి, నీ వెనకాల."

"ఇప్పుడు?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇటు మూల కూడా మావయ్యా," అన్నాడు. తర్వాత చప్పుడు చేయకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. టైల్స్ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను చెబుతూనే ఉన్నాను, అత్తయ్య అందుకుంటూనే ఉంది. ఒక్కోసారి నిమిషం దాకా ఏమీ వినిపించేది కాదు. ఆయన అలా చెయ్యి బిగించి ఎదురుచూస్తుంటే నాకు మనసొప్పక, "అదిగో, రెండు," అనేశాను.

"అబద్ధం," అన్నాడు నాన్న. "అంత తొందరగా రావు. నీకు నిజంగా వినిపించినప్పుడే చెప్పు. నేనుంటాను."